నిద్దర పట్టట్లేదంటే బిళ్లేనా?

‘నిద్దర పట్టట్లేదు బాబూ’ అన్న మాట శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు కొత్త కాదు. ఆ మాట ఎక్కువగా బయటికొచ్చేది రోగి కుర్చీలోంచి లేచాకే. బీపీ చూశారు, షుగర్ చూశారు, మోకాళ్ల నొప్పికి మాత్ర రాశారు. గుమ్మం దగ్గర ఆగి ఈ ముక్క చెబితే చీటీ కింద ఇంకో వరస చేరుతుంది: రాత్రి ఒకటి, పది రోజులు. ఆ పది రోజులు పది నెలలు కావడానికి మందుల షాపు అదే వీధిలో ఉంటే చాలు.

నిద్రలేమి అంటే కుంగుబాటుకు తోక అని వైద్యం చాలాకాలం అనుకుంది. దిగులు తగ్గితే నిద్ర దానంతటదే వస్తుందని లెక్క. 1989లో అమెరికాలో దాదాపు ఎనిమిది వేల మందిని ఏడాది తేడాతో రెండుసార్లు ప్రశ్నించిన అధ్యయనం ఆ లెక్కను కదిలించింది. రెండుసార్లూ నిద్ర లేదన్నవారిలో కొత్తగా తీవ్ర కుంగుబాటు మొదలవడం మిగతావారి కంటే ఎన్నో రెట్లు ఎక్కువగా కనిపించింది. 2011లో ఇటువంటి అధ్యయనాలను ఒకచోట చేర్చి చూసినా, దిగులు లేకుండా నిద్రలేమి ఒక్కటే ఉన్నవారికి తర్వాత కుంగుబాటు వచ్చే ముప్పు రెట్టింపని తేలింది. మానసిక జబ్బులను గుర్తించడానికి అమెరికా వైద్యులు వాడే గ్రంథం, 2013 నాటి డీఎస్ఎం-5, నిద్రలేమిని వేరే జబ్బుకు లక్షణంగా పక్కన పెట్టకుండా, దానికదే జబ్బుగా గుర్తించింది. వీలూ వ్యవధీ ఉండి కూడా వారానికి కనీసం మూడు రాత్రులు, మూడు నెలలపాటు నిద్ర పట్టక పగటి పని చెడితే అది జబ్బే. 2017లో బ్రిటన్‌లోని 26 విశ్వవిద్యాలయాల్లో 3,755 మంది విద్యార్థులపై జరిగిన చికిత్సా ప్రయోగంలో చికిత్స చేసింది నిద్రకే. అయినా అనుమానాలు, లేనివి వినిపించడం కూడా కొంత తగ్గాయి. తగ్గింది కొద్దిగానే, కానీ ఏది దేన్ని లాగుతోందో అక్కడ తెలిసింది.

దీనికి తలకిందులైన సంగతీ ఒకటుంది. రాత్రికి రెండు మూడు గంటలే పడుకుని, అలసట లేకుండా తెల్లారేసరికి నాలుగు పనులు చక్కబెట్టే కుర్రాడిని చూసి ఇంట్లో మురిసిపోతారు. మాటల వేగం పెరిగి, చేతిలో డబ్బు నిలవకపోతే అది హుషారు కాదు, మనసు దిగులుకూ ఉద్రేకానికీ మధ్య ఊగే బైపోలార్ జబ్బులో ఉద్రేక దశ మొదలైందేమోనని అనుమానించాలి.

నిద్రలేమికి మొదటి చికిత్స మాత్ర కాదని అమెరికన్ కాలేజ్ ఆఫ్ ఫిజీషియన్స్ 2016లోనే చెప్పింది. మొదట ఇవ్వాల్సింది నిద్ర గురించిన ఆలోచనలను, అలవాట్లను సరిచేసే చికిత్స. దానికి కావలసింది ఒక నోటు పుస్తకం, ఒక గడియారం, వారానికోసారి లెక్క చూసే మనిషి. రెండు వారాలపాటు మంచం ఎక్కిన వేళ, నిద్రపోయిన గంటలు, లేచిన వేళ ఉదయాన్నే రాయాలి. తొమ్మిదికి పడుకుని ఐదుకు లేచే మనిషి నిజంగా నిద్రపోయేది సగటున ఐదున్నర గంటలే అనుకుందాం. మంచం మీద ఎనిమిది గంటలు, నిద్ర ఐదున్నర, అంటే 69 శాతం. ఈ మనిషికి లేచే వేళ ఐదుకే ఉంచి, పడుకునే వేళను పదకొండున్నరకు జరపాలి. వారం తర్వాత ఆ శాతం 85 దాటితే పావుగంట కలిపి పదకొండుంపావుకు పంపాలి. 80 కన్నా తగ్గితే ఇంకో పావుగంట కోయాలి. మంచం మీద సమయం ఐదు గంటల కంటే తగ్గించకూడదు. ఇలా ఆరు నుంచి ఎనిమిది వారాలు.

ఎక్కువమంది దీన్ని వదిలేసేది మొదటి వారంలోనే. పగలు కళ్లు మూతలు పడతాయి, ‘ఉన్న నిద్ర కూడా పోయింది’ అనిపిస్తుంది. నిద్ర ఆకలి పెరగాలనే కదా ఈ కోత! ఆ సంగతి ముందే చెప్పని ఆరోగ్య కార్యకర్త దగ్గరికి రోగి రెండోసారి రాడు. కొబ్బరి చెట్లెక్కేవారు, లారీ నడిపేవారు ఆ వారాల్లో పని మార్చుకోవాలి, లేదా కోత మెల్లగా జరగాలి. మూర్ఛ జబ్బు, బైపోలార్ ఉన్నవారికి ఈ కోత పెట్టకూడదు.

రెండో నియమం, సుమారు ఇరవై నిమిషాల్లో నిద్ర రాకపోతే మంచం దిగిపోవడం. కళ్లు మూతలు పడుతుంటేనే మళ్లీ ఎక్కాలి. పగలంతా మంచమే సోఫా అయ్యే ఒంటిగది ఇంట్లో ఇది పుస్తకంలో ఉన్నట్టు కుదరదు. కూర్చోవడానికి చాప, పడుకోవడానికి మంచం అని విడదీసినా పని జరుగుతుంది. అరుగుంటే మరీ మంచిది. ఇక సాయంత్రం ఐదింటి టీ సంగతి: అందులోని కెఫీన్ రాత్రి పదికి కూడా దాదాపు సగం ఒంట్లోనే ఉంటుంది.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గురించి విడిగా చెప్పాలి. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు, మందస, పలాస, ఇచ్ఛాపురం మండలాల్లో కిడ్నీ జబ్బుతో బతుకుతున్నవారి గురించి రాసిన కాగితాల్లో క్రియాటినిన్ ఉంటుంది, హిమోగ్లోబిన్ ఉంటుంది, రాత్రి ఎలా గడిచిందో ఉండదు. డయాలసిస్ మీద ఉన్నవారిలో సుమారు నలుగురిలో ఒకరికి కాళ్లు నిలకడగా ఉండనివ్వని జబ్బు ఉంటుందని వివిధ దేశాల అధ్యయనాలు చెబుతున్నాయి. కాళ్లు లాగేస్తున్నాయని, లోపల ఏదో పాకుతోందని అంటారు. పడుకున్నా కూర్చున్నా ఎక్కువవుతుంది, లేచి నడిస్తే తగ్గుతుంది, పొద్దు వాలాక ముదురుతుంది. ఈ గుర్తులు కలిస్తే అది మామూలు కాళ్ల నొప్పి కాదు. నాలుగు గంటలు కదలకుండా యంత్రం పక్కన పడుకోలేక డయాలసిస్ మధ్యలో ఆపేయమనేవారిలో కొందరి బాధ ఇదే.

ఇక్కడ మందే ఎదురు తిరుగుతుంది. కిడ్నీ రోగులకు దురద ఎక్కువ, దానికి మగత తెచ్చే అలర్జీ బిళ్ల ఇస్తారు. అది కాళ్ల బాధను పెంచుతుంది. వాంతులకు వాడే మెటోక్లోప్రమైడ్, నిద్ర కోసమని రాసే అమిట్రిప్టిలిన్ కూడా అంతే. ముందు చూడాల్సింది ఇనుము నిల్వ. హిమోగ్లోబిన్ బాగున్నా ఆ నిల్వను చెప్పే ఫెరిటిన్ తక్కువ ఉండొచ్చు. కిడ్నీ జబ్బు లేనివారిలో అది 75 కన్నా తక్కువుంటే ఇనుము ఇచ్చి చూస్తారు. డయాలసిస్ వారి లెక్క వేరు, అది కిడ్నీ వైద్యుడే తేల్చాలి. ఈ కాళ్ల బాధకు వాడే గాబాపెంటిన్ మూత్రపిండాల గుండానే బయటికి పోతుంది కాబట్టి మామూలు మోతాదు రాస్తే మనిషి మత్తులో పడిపోతాడు. 2023 డిసెంబరులో పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి. రోగుల నిద్రను, దిగులును నెలనెలా నమోదు చేసే పని అక్కడే మొదలు కావాలని మేం కోరుతున్నాం.

గురక సంగతి క్లుప్తంగా. గురక మధ్యలో ఊపిరి పది సెకన్లకు పైగా ఆగడం గంటకు ఐదుసార్లు దాటితే జబ్బు, 30 దాటితే తీవ్రం. పగటి నిస్సత్తువ, చిరాకు, మతిమరుపు కుంగుబాటులా కనిపించి, దిగులు మాత్రలతో ఏళ్లు గడిచిపోతాయి. ఇలాంటివారికి నిద్రమాత్ర ఇస్తే ఊపిరి ఇంకా ఎక్కువసేపు ఆగే ప్రమాదం ఉంది. కాబట్టి మాత్ర రాసేముందు పక్కన పడుకునేవారిని ఒక్క ప్రశ్న అడగాలి: గురక మధ్యలో ఊపిరి ఆగుతోందా? ఇక షిఫ్టుల్లో పనిచేసేవారి నిద్ర. పైడిభీమవరం మందుల ఫ్యాక్టరీల్లోనైనా, బొబ్బిలి, రాజాం జూట్ మిల్లుల్లోనైనా షిఫ్టు తిప్పితే ఉదయం, మధ్యాహ్నం, రాత్రి అనే వరసలోనే తిప్పాలి. వెనక్కి తిప్పితే ఒంటి గడియారం సులువుగా సర్దుకోలేదు.

ఇళ్లకు వచ్చి బీపీ, షుగర్ రాసుకునే ఏఎన్ఎంల ఫారంలో మూడు ప్రశ్నలకు చోటు ఇవ్వాలి: వారానికి ఎన్ని రాత్రులు నిద్ర చెడుతోంది, ఎన్ని నెలలుగా, గురకలో ఊపిరి ఆగుతోందా. చచ్చిపోవాలన్న ఆలోచన ఉందని ఎవరైనా అంటే రెండు వారాల నోటు పుస్తకం కోసం ఆగకుండా అప్పుడే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ ఫోను టెలీ మానస్ 14416కు ఫోన్ కలపాలి. విశాఖ చినవాల్తేరు మానసిక ఆసుపత్రి పేరు చెబితేనే వెనక్కి తగ్గే కుటుంబాలకు ఫోను తేలికైన దారి.

ఇక నిద్ర కోసమని మింగే ఆల్ప్రాజోలం. ఇది వైద్యుడి చీటీ ఉంటేనే అమ్మాల్సిన షెడ్యూల్ హెచ్1 మందు. వైద్యుడి పేరు, రోగి పేరు, ఇచ్చిన బిళ్లల సంఖ్య వేరే రిజిస్టర్‌లో రాసి మూడేళ్లు దాచాలి. చీటీ లేకుండా షీటు చేతిలో పెట్టే కౌంటర్లపై ఔషధ తనిఖీ అధికారులు కదలాల్సిందే. కానీ ఒక్కసారిగా తాళం బిగిస్తే ఏళ్లుగా మింగుతున్నవారికి నిద్ర మరింత చెడుతుంది, వణుకు, కంగారు పట్టుకుంటాయి, కొందరికి మూర్ఛ వస్తుంది. వైద్యుడు చూస్తుండగా రెండు వారాలకోసారి పదో వంతు చొప్పున, ఎంత తొందరైనా నాలుగో వంతు మించకుండా తగ్గించాలి. కాబట్టి దాడులకు తేదీ పెట్టేముందే ఆ ఊరి పీహెచ్‌సీ వైద్యుడికి మోతాదు తగ్గించే పట్టిక అందాలి.