ఆరు వందలు పెంచి అమ్మ మందులు ఆపేశారు

పొద్దున ఎనిమిదింటికే అమ్మను తీసుకుని ఈఎస్‌ఐ (జీతంలో కొంత పట్టుకుని కార్మికుల కుటుంబాలకు వైద్యం ఇచ్చే ప్రభుత్వ బీమా) డిస్పెన్సరీకి పోయాను, ప్రతి నెలా పోయినట్టే. అమ్మ చేతిలో గుడ్డసంచి, అందులో స్టీలు ఫ్లాస్కు, ఫ్లాస్కు అడుగున ఐసు ముక్కలు, వాటి మీద మడిచిన పాత చీర ముక్క. ఇన్సులిన్ సీసాలు ఎండకు చెడిపోకూడదు, నేరుగా ఐసుకు తగిలి గడ్డకట్టకూడదు. ఎవరూ చెప్పకుండా అమ్మే చేసుకున్న ఏర్పాటు అది. కౌంటర్‌లో నా నంబరు కొట్టారు. మళ్లీ కొట్టారు. డిసెంబరు 31తో అయిపోయింది, ఇక రాదన్నారు. ఆ అమ్మాయి తప్పేం లేదు పాపం, స్క్రీన్ మీద ఉన్నది చదివి చెప్పింది.

అమ్మ బయటికి వచ్చి, గేటు పక్కనున్న గన్నేరు చెట్టు మొదట్లో ఐసంతా ఒంపేసి, చీర ముక్క పిండుకుని సంచిలో పెట్టుకుంది. ఒక్క మాట అనలేదు. బస్సులో కూడా అనలేదు. అప్పట్నుంచి నా కడుపు మండిపోతోంది.

నేను చేసిన నేరం ఏంటో తెలుసా? ఏప్రిల్లో జీతం పెరిగింది. 20,700 ఉండేది 21,300 అయింది. ఈఎస్‌ఐకి నెల జీతం లిమిట్ 21,000, అది దాటితే తీసేస్తారు. ఆ లిమిట్ 2017 జనవరిలో పెట్టారు. ఆ రోజు బెంగళూరులో నా ఇంటి అద్దె ఎంత, ఈ రోజు ఎంత? లీటరు నూనె ఎంత, పాప స్కూల్ ఫీజు ఎంత? అన్నీ పెరిగాయి, ఆ అంకె ఒక్కటే అక్కడే కూర్చుంది. అక్టోబరు నుంచి మార్చి దాకా కట్టినదానికి డిసెంబరు వరకు వైద్యం ఇస్తారు కాబట్టి ఇన్నాళ్లూ నాకు తెలియలేదు. ఇప్పుడు తెలిసింది.

ఇంకో లెక్క చూడండి. నా జీతంలో 0.75 శాతం, నెలకు 156 రూపాయలు కట్ అయ్యేది. కంపెనీ వాటా 3.25 శాతం, అంటే 673. నాకు 600 పెంచి కంపెనీ 673 మిగుల్చుకుంది! పేరుకు ఇంక్రిమెంట్, స్వీటు కూడా పంచారు. నా చేతికి అదనంగా వచ్చింది 756. అమ్మ ఇన్సులిన్, బీపీ మాత్రలు, మూడు నెలలకోసారి చేసే రక్తపరీక్షలు అన్నీ బయట చేయిస్తే సగటున నెలకు మూడు వేల పైమాటే. జన ఔషధిలో కొనొచ్చు కదా అని సలహా ఇవ్వబోయేవాళ్లకు ముందే చెప్తున్నా, దొరికినవి అక్కడే కొంటున్నాం. మాత్రలు అక్కడ చవక, నిజమే. పరీక్షలు, స్కానింగులు, డాక్టరు ఫీజు అక్కడ దొరకవు కదా.

సరే, ప్రభుత్వ ఆరోగ్య కార్డు ఉంది కదా అంటారు. కర్ణాటకలో బీపీఎల్ (పేదల) రేషన్ కార్డుకు ఏడాది ఆదాయం 1.20 లక్షలు దాటకూడదు. నెలకు పది వేలు! కనీస వేతనం చట్టం ప్రకారం సక్రమంగా ఇచ్చే ఏ ఫ్యాక్టరీలో పనిచేసినా మనిషి ఆ గీత దాటేస్తాడు. ఆ కార్డు ఉన్న కుటుంబానికి ఏడాదికి 5 లక్షల దాకా వైద్యం. గీత దాటిన మాలాంటి ఏపీఎల్ వాళ్లకు ప్యాకేజీ ఖర్చులో 30 శాతం, అదీ ఏడాదికి కుటుంబానికి లక్షన్నర మించకుండా. మిగతా 70 శాతం ఎక్కడ తేవాలి? పైగా అది ఆసుపత్రిలో చేరితే వచ్చే డబ్బు. రోజూ పొడుచుకునే సూదికి రాదు. 70 ఏళ్లు నిండినవాళ్లకు ఆదాయంతో పనిలేకుండా 5 లక్షల దాకా వైద్యమని 2024 అక్టోబరులో కేంద్రం మొదలుపెట్టింది. మా అమ్మకు 66.

నాన్న సంగతి గుర్తొస్తే ఇంకా మండుతుంది. మాది అనంతపురం వైపు పల్లె. మా ఇల్లు, పెదనాన్న ఇల్లు, వెనక అద్దె గది, మూడింటికీ కలిపి నాన్న పేరు మీద ఒకటే కరెంటు మీటరు. నెలకు 300 యూనిట్లు దాటిందని బియ్యం కార్డు తీసేశారు. మూడు పొయ్యిలు వెలిగే ఇల్లు కాగితం మీద ఒకే ధనవంతుడి ఇల్లయింది. 2021లో నాన్నకు గుండెనొప్పి వస్తే బెంగళూరుకే తెచ్చాం. కార్డు పోయింది కాబట్టి ఆరోగ్యశ్రీ కూడా పోయిందనుకున్నాం. రెండు స్టెంట్లకు అమ్మ నాలుగు గాజులూ బ్యాంకులో పెట్టాం. అన్నీ అయిపోయాక తెలిసింది, ఆరోగ్యశ్రీ లెక్క వేరట. ఏడాదికి 5 లక్షల లోపు ఆదాయం ఉన్నా అప్పట్లో వర్తించేదట. 2019 నవంబరు నుంచి బెంగళూరులో కొన్ని ఆసుపత్రుల్లో కూడా ఇస్తున్నారట! మాకు చెప్పిన పాపాన ఎవరూ పోలేదు. కార్డు తీసేసిన చోట "ఇది మాత్రం ఉంటుందయ్యా" అని ఒక్కరు చెప్పి ఉంటే ఆ గాజులు ఈ రోజు అమ్మ చేతికి ఉండేవి. నాన్న పోయి రెండేళ్లయింది, అమ్మను నా దగ్గరికి తెచ్చుకున్నా, పేర్లన్నీ ఇక్కడి కార్డులోకి మార్చుకున్నాం. అక్కడ 5 లక్షల గీత కింద ఉండేవాళ్లం, ఇక్కడ లక్షా ఇరవై వేల గీత పైకి వచ్చిపడ్డాం. మనుషులం మేమే, సంపాదన అదే.

నేను ఉచితంగా ఇవ్వమని అడగట్లేదు. నా వాటా, కంపెనీ వాటా రెండూ నేనే కడతాను. 21,300లో 4 శాతం, 852 రూపాయలు. తీసుకోండి, మా అమ్మను మాత్రం పంపేయకండి. రిటైరైన కార్మికుడు ఏడాదికి 120 రూపాయలు కట్టి భార్యాభర్తలిద్దరికీ వైద్యం కొనసాగించుకోవచ్చు కదా. అంటే ఉద్యోగం అయిపోయినా మనిషిని ఉంచుకునే దారి వాళ్లకు తెలుసు. పనిచేస్తూ, డబ్బు కట్టడానికి సిద్ధంగా ఉన్నవాడికి ఆ దారి ఎందుకు మూసేశారు? మూడు వందలు ఎక్కువైతే ఒక్కసారిగా సున్నా చేయడమేంటి?

ఏప్రిల్లోనే హెచ్‌ఆర్ సార్‌ను అడగాల్సింది, తెలియక సంతోషపడ్డాను. ఫ్రిజ్ తలుపులో ఒక సీసా మిగిలింది, అమ్మ వెలుతురుకు పెట్టి చూసి ఇంకో పదకొండు రోజులు వస్తుందంది. రేపు షిఫ్ట్‌కు ముందే పోయి, ఆ ఆరు వందలూ వెనక్కి తీసుకోమని కాగితం రాసిస్తున్నా. ఇలా జీతం తగ్గించుకుని ఈఎస్‌ఐలోకి తిరిగి చేరినవాళ్లు ఎవరైనా ఉంటే ఎలా చేశారో కింద చెప్పండి, అమ్మకు తెలియకుండా అడుగుతున్నా.