కనెక్షన్ల గురించి ఇంకాస్త చెప్పాల్సింది

సౌండ్ మిక్సర్ వాడకం మీద మీరు రాసిన వ్యాసంలో గెయిన్‌కీ (లోపలికొచ్చే సిగ్నల్‌ని పెంచే నాబ్) ఫేడర్‌కీ (చానెల్ సౌండ్‌ని పెంచి తగ్గించే స్లైడర్) తేడా బాగా చెప్పారు. ముందు గెయిన్‌తో సిగ్నల్‌ని సరైన స్థాయికి తెచ్చాకే ఫేడర్ ముట్టుకోవాలన్నది నిజం. కానీ కనెక్షన్ల సంగతి రెండు ముక్కల్లో తేల్చేశారు. ఫంక్షన్లలో టెన్షనంతా అక్కడే.

ల్యాప్‌టాప్‌నే తీసుకోండి. హెడ్‌ఫోన్ సాకెట్ నుంచి వచ్చేది స్టీరియో: జాక్ కొసన ఎడమ, రింగ్ మీద కుడి. మిక్సర్‌లో మోనో చానెల్ లైన్ ఇన్‌పుట్ మామూలుగా బ్యాలెన్స్‌డ్, అంటే కొసన, రింగ్ మీద వచ్చే రెండు సిగ్నళ్ల మధ్య తేడానే తీసుకుంటుంది. మామూలు స్టీరియో కేబుల్‌తో ల్యాప్‌టాప్‌ని నేరుగా అందులో పెడితే, అది ఎడమలోంచి కుడిని తీసేస్తుంది. రెండు వైపులా సమానంగా ఉండే గాయకుడి గొంతు దాదాపు మాయమవుతుంది. మ్యూజిక్ వస్తుంది, పాట రాదు! అందరూ స్పీకర్‌ని తిడతారు. ఒక చివర స్టీరియో పిన్, రెండో చివర రెండు మోనో జాక్‌లు ఉండే వై కేబుల్ తెచ్చి స్టీరియో చానెల్‌కి పెడితే సరి.

స్టేజి మానిటర్‌కి (పాడేవాళ్ల వైపు తిప్పి పెట్టే స్పీకర్) ప్రీ-ఫేడర్ ఆక్స్, అంటే ఫేడర్‌కి ముందే సిగ్నల్ తీసుకుని విడిగా పంపే అవుట్‌పుట్, వాడాలని కూడా రాయాల్సింది. పోస్ట్‌లో (ఫేడర్ తర్వాత) ఉంటే, హాల్లో సౌండ్ తగ్గించినప్పుడల్లా పాడేవాళ్లకి తమ గొంతూ తగ్గిపోతుంది. రివర్బ్‌కి (గొంతుకి ప్రతిధ్వని కలిపే ఎఫెక్ట్) మాత్రం పోస్టే మేలు. (కొన్ని చిన్న మిక్సర్లలో ఈ ఎంపికే ఉండదు, కొనేముందు చూసుకోండి.)

ఇక మిక్సర్ నుంచి మైక్ కేబుల్‌లోనే మైక్‌కి వెళ్లే 48 వోల్టుల కరెంటు, అదే ఫాంటమ్ పవర్, గురించి మీ హెచ్చరిక కాస్త ఎక్కువైంది. ఎక్స్‌ఎల్‌ఆర్ కేబుల్ (మూడు పిన్నుల మైక్ కేబుల్) వైరింగ్ సరిగ్గా ఉంటే, పవర్ అక్కర్లేని మామూలు డైనమిక్ మైక్‌కి దాంతో ఏమీ కాదు. ఫాంటమ్ బటన్ నొక్కేముందు చానెల్ మ్యూట్ చేయండి, లేదంటే స్పీకర్లు ఢామ్మంటాయి.