ఫైర్‌బాల్ 20 అడుగుల వ్యాసార్ధం గారికి

మహారాజశ్రీ వ్యాసార్ధం గారికి నమస్కరించి రాయునది. ఉభయ కుశలోపరి అందామంటే నోరు రావడం లేదు. ఇక్కడ నేను కుశలం. మా బావ కాలిపోయాడు.

మొన్న ఆదివారం మా ఇంట్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ (పాచికలు వేస్తూ పాత్రలు ఆడించే కథల ఆట) ఆడుతుంటే జరిగింది తమరికి తెలియనిదేముంది! ఎదురుగా ఆరుగురు గాబ్లిన్లు (చిట్టి రాక్షసులు). నా విజార్డ్ (మంత్రగాడి పాత్ర) దగ్గర మిగిలింది ఒకే ఒక్క మూడో లెవెల్ స్లాట్, అంటే ఫైర్‌బాల్ స్పెల్ (నిప్పు ఉండ మంత్రం) ఒక్కసారి వేసే అవకాశం. తమరి కేంద్రం నాలుగు గడులు కలిసే మూల మీద పెట్టాలన్నారు, పెట్టాను. గడికి ఐదడుగుల లెక్కన అక్కణ్ణుంచి నలువైపులా నాలుగేసి గడులు, గళ్ల మ్యాట్ మీద నాలుగంగుళాలు. లెక్కపెట్టుకుని, మా పక్షానే ఆడుతున్న బావ పాత్రని తప్పించి మరీ వేశాను. అప్పుడు మా డీఎం (ఆట నడిపి తీర్పు చెప్పేవాడు) లేచి వంటింట్లోకి వెళ్లి ఎనిమిదంగుళాల టిఫిన్ ప్లేటు తెచ్చి బోర్లించాడు. దానికింకా అల్లం చట్నీ అంటుకునే ఉంది.

ప్లేటు అంచు బావ గడిలో గోరంత పడింది.

2014 డీఎం పుస్తకంలో, గుండ్రటి మంట గడిలో కనీసం సగం కప్పితేనే అందులోవాడికి తగిలినట్టు అన్నారు. 2017లో వచ్చిన ఇంకో పుస్తకంలో, మంట సైజు అచ్చుబిళ్ల పెట్టి చూసేటప్పుడు ఏ కాస్త పడినా తగిలినట్టే అన్నారు. అదే మంట, అదే బావ. ఒక పుస్తకంలో బతికాడు, ఇంకో పుస్తకంలో మాడిపోయాడు. మా డీఎం ఏ పుస్తకం తీశాడో వేరే చెప్పాలా? అటక మీది జామెట్రీ బాక్స్ దింపి కొలిచాను. మంట ఆ గడిలో ఆరో వంతు కూడా లేదు! ముప్పావుగంట వాదించాం. టీ చల్లారింది. గాబ్లిన్లకే విసుగొచ్చి ఉంటుంది. చివరికి దెబ్బ ఎంతో తేల్చడానికి ఎనిమిది పాచికలు వేస్తే 31. బావ సేవ్ (దెబ్బ తగ్గించుకునే పాచిక) పోయింది, తర్వాత మూడు డెత్ సేవులూ (ప్రాణం నిలుపుకునే పాచికలు) వరసగా పోయాయి. ఉన్న ఒక్క క్లెరిక్ (గాయాలు మాన్పే పూజారి) ఆయనే, ఆయన్ని లేపేదెవరు?

"ఆదివారం భోజనానికి పిలిచి కాల్చావు కదరా" అన్నాడు బావ.

(నా విజార్డ్‌కి ఎవొకేషన్ అనే మంత్రశాఖ తీసుకుని ఉంటే, 2014 రూల్స్ ప్రకారం సొంతవాళ్లని మంటలోంచి తప్పించే విద్య రెండో లెవెల్లోనే వచ్చేది. స్టైలుగా ఉంటుందని ఇల్యూజన్ (మాయల శాఖ) తీసుకున్నాను. నా ఖర్మ.)

తమరి చుట్టం కోన్ (శంకువు ఆకారంలో పడే మంత్రం) సంగతి ఎత్తను. ఎంత దూరమైతే అంత వెడల్పట, ఐమూలగా తిప్పితే గీసేదెలాగో గీసినవాడికే తెలియాలి. పాతకాలం ఎడిషన్లలోని మెరుపు మంత్రం నయం, గోడకి కొట్టుకుని వెనక్కొచ్చి వేసినవాణ్ణే కాల్చేది. అందులో ఓ న్యాయం ఉంది. 2008 ఎడిషన్లో తమరు ఏడు గడుల చతురస్రమైపోయారు. నిప్పు పలకలా ఉందని అప్పుడు నవ్వాను. ఇప్పుడు ఆ పలకని కళ్లకద్దుకోవాలనిపిస్తోంది.

అసలు గుండ్రంగా పుట్టినవాడివి, గళ్ల కాగితం మీదికి ఎందుకొచ్చావయ్యా? సగమో, గోరంతో, ఏదో ఒకటి తేల్చి చావు! నీ అంచు ఎక్కడో నీకే తెలియనప్పుడు మా ఇంట్లో ప్లేట్లకేం తెలుస్తుంది?

సరే. ఆరుగురు గాబ్లిన్లూ ఒక్క దెబ్బకే పోయారు, కాదనను. గుప్పిట్లో ఎనిమిది పాచికలు గలగలలాడుతుంటే బల్ల చుట్టూ అందరూ నోరు మూసుకుంటారు చూడండి, ఆ ఒక్క క్షణం కోసమే మళ్లీ తమరి గుమ్మం తొక్కుతాను.

బావ కొత్త క్యారెక్టర్ రాసుకుంటున్నాడు. ఈసారి విజార్డట. మూడో లెవెల్లో ఏ స్పెల్ తీసుకుంటావంటే, నవ్వి, టిఫిన్ ప్లేటు తుడుచుకుంటూ కూర్చున్నాడు.

ఇట్లు,
వచ్చే ఆదివారం ఎక్కడ నిలబడాలో తెలియని
ఒక బావమరిది