ఆడిటర్ గారి సొరుగులో మన సంతకం

శ్రీకాకుళం ఏడు రోడ్ల జంక్షన్‌కు కాస్త దూరంలో ఉన్న ఒక ఆడిటర్ ఆఫీసుకు పోయిన ఏడాది మా మావయ్యతో కలిసి వెళ్లాను. కాశీబుగ్గలో మావయ్యకూ ఇద్దరు స్నేహితులకూ కలిపి చిన్న జీడిపప్పు కంపెనీ ఉంది. ప్రైవేట్ లిమిటెడ్. ఏదో ఫారం మీద సంతకం కావాలంటే గుమస్తా సొరుగు లాగి బిస్కెట్ డబ్బా ఒకటి తీసి బల్ల మీద పెట్టాడు. అందులో పెన్‌డ్రైవ్ లాంటి డిజిటల్ సంతకం టోకెన్లు ముప్పై దాకా ఉన్నాయి. ఒక్కోదానికి రబ్బరు బ్యాండుతో చీటీ కట్టి ఉంది. చీటీ మీద పేరు, పేరు కింద పిన్ నంబరు. మావయ్యది వెతికి తీసి, కంప్యూటర్‌కు పెట్టి, పిన్ కొట్టాడు. సంతకం అయిపోయింది. మావయ్య అప్పటికింకా టీ తాగుతున్నాడు.

బయటికొచ్చాక అడిగాను, "ఏం కాగితమో చదివావా మావయ్యా?" అని.

"ఏటి చదువుతాన్రా? కంపెనీ పెట్టిన కాణ్నుంచీ అది ఆళ్ల కాడే ఉంటాది."

ఇంటికొచ్చి పాత ఫారాలు తెరిచి చూశాను. ఒకదాని మీద సంతకం పడిన తేదీన మావయ్య విశాఖలో ఆపరేషన్ అయి మంచం మీద ఉన్నాడు. నష్టమేమీ జరగలేదు. ఆ ఆడిటర్ మంచివాడే, ఏళ్ల తరబడి మావాళ్ల లెక్కలు చూస్తున్నవాడే. అయినా ఆ తేదీ చూసిన దగ్గర్నుంచి నాకు మనసు కుదుట పడలేదు.

మన ఊళ్లలో ఖాళీ ప్రాంసరీ నోటు మీద సంతకం పెట్టి చిక్కుల్లో పడ్డవాళ్ల కథలు ప్రతి ఇంట్లోనూ ఉంటాయి. ఆ భయం మనకు పెద్దలు నేర్పినదే. చదువు రాని మా అమ్మమ్మ కూడా కాగితంలో ఏముందో ఎవరితోనైనా చదివించుకుని గాని వేలిముద్ర వేసేది కాదు. డిజిటల్ సంతకం దగ్గరికి వచ్చేసరికి ఆ జాగ్రత్త ఏమైపోయింది? నాకు తోచిన కారణం ఒక్కటే. ఆ టోకెన్ మనకు సంతకంలా కనిపించడం లేదు. ఆడిటర్ గారి కంప్యూటర్ సామానులా కనిపిస్తోంది.

అసలు ఆ టోకెన్‌లో ఉండేది ఒక రహస్య తాళం చెవి, ప్రైవేట్ కీ. అది టోకెన్ లోపలే పుడుతుంది, బయటికి కాపీ తీయడానికి వీలుండదు. దానికి జోడీగా పబ్లిక్ కీ ఇంకొకటి ఉంటుంది, అది ఎవరైనా చూడొచ్చు. "ఈ పబ్లిక్ కీ ఫలానా మనిషిదే" అని పూచీ పడే పత్రమే డిజిటల్ సిగ్నేచర్ సర్టిఫికెట్. కంట్రోలర్ ఆఫ్ సర్టిఫైయింగ్ అథారిటీస్ అనే కేంద్ర ప్రభుత్వ అధికారి దగ్గర లైసెన్స్ పొందిన సంస్థలే దాన్ని ఇవ్వాలి. ఒకటి నుంచి మూడేళ్ల గడువుతో ఇస్తారు. వాటిలో క్లాస్ 2 అనే రకాన్ని 2021 జనవరి నుంచి ఆపేశారు, ఇప్పుడు కంపెనీ పనులకూ పన్నుల పనులకూ తీసుకునేది క్లాస్ 3 రకం.

సంతకం పెట్టేటప్పుడు కంప్యూటర్ ముందుగా ఫైలు మొత్తాన్ని నలిపి ఒక చిన్న గుర్తు తీస్తుంది. దాన్ని హాష్ అంటారు. ఎస్‌హెచ్ఏ-256 పద్ధతిలో తీసి రాస్తే అది 64 అక్షరాలు. ఆ గుర్తుకు ప్రైవేట్ కీతో ముద్ర పడుతుంది. కాగితం మీద సంతకం పేజీ కింద ఒక మూల ఉంటుంది, పైనున్న లక్ష పక్కన ఎవరైనా సున్నా చేర్చినా సంతకం సంతకంలాగే ఉంటుంది. డిజిటల్ సంతకం ఫైలంతటినీ పట్టుకుని ఉంటుంది. ఒక్క కామా మారినా పబ్లిక్ కీతో చేసే పరీక్షలో తేలిపోతుంది. చేతి సంతకాన్ని ఫోటో తీసి పీడీఎఫ్‌లో అతికించి అదే డిజిటల్ సంతకం అనుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. అది ఉత్త బొమ్మ.

అదే లెక్కన, డిజిటల్ సంతకం ఉన్న ఫైలును ప్రింటు తీస్తే కాగితం మీదికి వచ్చేది కూడా బొమ్మే, సంతకం ఫైలులోనే ఉండిపోతుంది. ఫైలు తెరిచినప్పుడు పసుపు ప్రశ్నార్థకం కనిపించగానే పిల్లల సర్టిఫికెట్ దొంగదేమోనని టెన్షన్ పడే తల్లిదండ్రులను నెట్ సెంటర్లలో చూశాను. చాలాసార్లు ఆ ప్రశ్నార్థకానికి అర్థం, ఆ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్‌కు మన దేశపు రూట్ సర్టిఫికెట్, అంటే ఈ సర్టిఫికెట్లన్నిటికీ పైనుండి పూచీ పడే పత్రం, ఇంకా పరిచయం కాలేదని మాత్రమే.

ఇక చట్టం. 2000 నాటి సమాచార సాంకేతిక చట్టం ఈ సంతకానికి చేతి సంతకంతో సమానమైన హోదా ఇచ్చింది. వీలునామాలు, ట్రస్టు పత్రాల వంటి కొన్నింటిని మాత్రం ఆ చట్టం పరిధిలో చేర్చలేదు. అదే చట్టంలోని 42వ సెక్షన్ ప్రైవేట్ కీని జాగ్రత్తగా తన అదుపులో ఉంచుకునే బాధ్యతను సర్టిఫికెట్ తీసుకున్న మనిషి మీదే పెట్టింది. చెయ్యి దాటిందని తెలిస్తే వెంటనే సర్టిఫికెట్ ఇచ్చిన సంస్థకు చెప్పాలి, వాళ్లు దాన్ని రద్దు చేస్తారు. ఇంకొకరి ఎలక్ట్రానిక్ సంతకాన్ని మోసపూరితంగా వాడితే 66సి సెక్షన్ కింద మూడేళ్ల దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. కానీ బిస్కెట్ డబ్బాలో చీటీ కట్టి ఉన్న టోకెన్‌తో పెట్టిన సంతకం నాది కాదని ఎలా నిరూపిస్తాం? టోకెన్ ఇచ్చింది మనమే, పిన్ చెప్పిందీ మనమే.

ఆధార్ నంబరుతో ఆన్‌లైన్‌లో సంతకం పెట్టే పద్ధతి, ఆధార్ ఈ-సైన్, ఇంకొకటి ఉంది. అందులో టోకెన్ ఉండదు. ఓటీపీ కొట్టగానే ఒక కీ పుట్టి, ఆ ఒక్క సంతకం పెట్టి, చెరిగిపోతుంది. సౌకర్యమే. అయితే మన జిల్లాల నుంచి చెన్నైకీ హైదరాబాద్‌కూ పనికి వెళ్లినవాళ్ల ఇళ్లలో తండ్రి ఆధార్‌కు కొడుకు ఫోన్ నంబరు ఉండటం మామూలే. "నాన్నా, ఓటీపీ వచ్చింది, చెప్పనా?" అని కొడుకు అడుగుతాడు, ఎదురుగా ఉన్న ఏజెంటు తలూపుతాడు. అక్కడ చెప్పింది ఆరు అంకెలు కాదు, సంతకం.

తప్పంతా మావయ్యలాంటి వాళ్ల మీదికి నెట్టేయడం నాకు ఇష్టం లేదు. దరఖాస్తు ఆడిటర్ ఆఫీసులోనే నింపారు. గుర్తింపు వీడియోలో పేరు చెప్పమంటే చెప్పాడు. టోకెన్ కొరియర్‌లో నేరుగా ఆఫీసు చిరునామాకే వచ్చింది. తన పేరు మీద ఒక తాళం చెవి పుట్టిందని ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు. సర్టిఫికెట్ అమ్మేవాళ్లు తెలుగులో ఒక్క పేజీ కాగితం జతచేస్తే వాళ్ల సొమ్మేం పోతుంది? ఆడిటర్లు కూడా, ముప్పై మంది చేతులు తమ సొరుగులో పెట్టుకోవడం తమకే ప్రమాదమని గుర్తించాలి. రేపు ఏదైనా తేడా వస్తే ముందు వేలు చూపేది ఆ డబ్బా వైపే.

పని ఆగుతుందన్న సాకు కూడా నిలబడదు. జీఎస్టీలో కంపెనీ తీర్మానం చేసి ఒకరిని ఆథరైజ్డ్ సిగ్నేటరీగా, అంటే కంపెనీ తరఫున సంతకం పెట్టే మనిషిగా పెట్టుకోవచ్చు, అతను తన పేరుతో, తన టోకెన్‌తో సంతకం పెడతాడు. డైరెక్టరే పెట్టాల్సిన ఫారం అయితే ఫైలు పంపిస్తే చాలు, డ్రైవర్ సాఫ్ట్‌వేర్ వేసిన ఏ కంప్యూటర్‌లోనైనా టోకెన్ పనిచేస్తుంది.

మావయ్య టోకెన్ తిరిగి తెచ్చుకున్నాడు. పిన్ మార్చాడు. ఇప్పుడది భూమి దస్తావేజులున్న ఇనప్పెట్టెలో ఉంది. మొన్న ఆడిటర్ గారు బ్యాలెన్స్ షీటు పంపితే, సంతకం పెట్టే ముందు నన్ను పిలిచి ఒక వరస మీద వేలు పెట్టాడు.

"ఈ నాలుగు లక్షలు నాను కంపెనీకి అప్పిచ్చినట్టు రాసారేటి? అది నా వాటా సొమ్ము గదా?"

ఆ సంగతి తేలేదాకా టోకెన్ ఇనప్పెట్టెలోనే ఉంది.