జవాబు దొరికాక కూడా ఆగని ప్రయోగం

పాల సీసా అమర్చిన ఇనుప తీగల బొమ్మ ఒకటి, పాలులేని తువ్వాలు గుడ్డ బొమ్మ ఒకటి. 1950ల చివర్లో అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో మనస్తత్వవేత్త హ్యారీ హార్లో రీసస్ కోతిపిల్లల ముందు నిలిపిన ఈ ఇద్దరు ‘తల్లుల’ గురించి చాలామంది వినే ఉంటారు. ఆకలేస్తే తీగల బొమ్మ దగ్గర పాలు తాగి, మరుక్షణం గుడ్డ బొమ్మను కరుచుకునేవి ఆ పిల్లలు. పాలు పట్టేది కాబట్టే తల్లి మీద మమకారమన్న సిద్ధాంతం అప్పుడే కుప్పకూలింది.

హార్లో మాత్రం ఆగలేదు. పుట్టిన పిల్లలను 3, 6, 12 నెలల పాటు ఒంటరిగా బంధించాడు. బయటికి తెచ్చాక అవి తమను తామే కావలించుకుని ఊగేవి, తమ చేతులే కొరుక్కునేవి. అలా పెరిగిన ఆడకోతులను కట్టేసి గర్భం వచ్చేలా చేశారు. వాటిలో కొన్ని కన్నబిడ్డలనే చంపేశాయి. ఇంతా చేసి తేల్చిందేమిటి? తల్లి లేకుండా పెంచితే బిడ్డ చెడిపోతుందని!

ఈ ప్రయోగాల వల్లే ఆస్పత్రులు పిల్లల వార్డుల్లోకి తల్లులను రానిచ్చాయని సమర్థకులు అంటారు. తేదీలు చూస్తే ఆ వాదన నిలవదు. తల్లికి దూరమైన పిల్లల గురించి బ్రిటిష్ మానసిక వైద్యుడు జాన్ బౌల్బీ ప్రపంచ ఆరోగ్య సంస్థకు నివేదిక ఇచ్చింది 1951లో. ఆస్పత్రిలో ఒంటరైన రెండేళ్ల పాప ఎలా కుంగిపోతుందో ఆయన సహచరుడు జేమ్స్ రాబర్ట్‌సన్ కెమెరాతో చిత్రించి చూపింది 1952లో. పిల్లల దగ్గరికి తల్లిదండ్రులను ఎప్పుడైనా రానివ్వాలని బ్రిటన్‌లో ఆస్పత్రి పిల్లల సంక్షేమంపై వేసిన ప్లాట్ కమిటీ 1959లో సిఫారసు చేసింది. హార్లో ఒంటరి గదుల ఫలితాలు వెలుగులోకి వచ్చింది ఆ తర్వాతే. మనిషి బిడ్డ ఏడుపు వినిపించని వాళ్లకు కోతిపిల్ల ఏడుపు సాక్ష్యం కావలసి వచ్చిందన్నమాట.

2022లోనూ ఇదే ధోరణి. బిడ్డల నుంచి వేరు చేసిన తల్లికోతులు మెత్తని బొమ్మలను హత్తుకున్నాయని హార్వర్డ్ పరిశోధకురాలు రాస్తే, 250 మందికి పైగా శాస్త్రవేత్తలు ఆ పత్రాన్ని ఉపసంహరించాలని లేఖ రాశారు. వాళ్లు చేసింది సబబే.

ఇంత తెలిసీ మనం తల్లులకు చేసిందేమిటి? ప్రసూతి ప్రయోజనాల చట్టానికి 2017లో చేసిన సవరణతో తొలి రెండు కాన్పులకు 26 వారాల వేతన సెలవు వచ్చింది. జీతాల పట్టీలో పేరున్నవాళ్లకు మేలే. ఇటుక బట్టీలో చెట్టుకొమ్మకు చీర ఉయ్యాల కట్టి, ఏడుపు వినిపించినా తట్ట దించలేని కూలీకి ఆ సెలవు ఎవరిస్తారు? తొలి కాన్పుకు మాతృ వందన యోజన కింద ఆమెకు అందేది 5,000 రూపాయలు, అదీ విడతలుగా. ఆ డబ్బుతో ఆరు నెలలు బిడ్డ దగ్గర ఎలా ఉండాలో లెక్క వేసి చెప్పాల్సింది ఆ మొత్తాన్ని ఖరారు చేసినవాళ్లే.