నాన్న జేబులో టికెట్

మా నాన్న తెనాలి డిపోలో ముప్ఫై ఒక్క ఏళ్లు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. అలాంటి మనిషి ఈ జూన్‌లో ఒక ఆదివారం, జర్మనీలో, టికెట్ లేకుండా రైల్లో దొరికిపోయారు. తప్పు ఆయనది కాదు. నాది, మా తమ్ముడిది. ఎలా జరిగిందో చెప్తాను. ప్రతి వేసవిలో మనలో చాలామంది ఇళ్లలో ఇదే తప్పు ఏదో ఒక రూపంలో జరుగుతోందని నాకు గట్టి అనుమానం.

మొత్తం పన్నెండు మందిమి మ్యూనిక్‌లో కలిశాం. మెల్‌బోర్న్ నుంచి అక్కా బావా వాళ్లమ్మాయి, అమెరికాలోని షార్లెట్ నుంచి మేం నలుగురం, స్టుట్‌గార్ట్‌లో ఉండే తమ్ముడు, మరదలు, ఎనిమిది నెలల పాప, తెనాలి నుంచి అమ్మా నాన్నా. చంటిపిల్లతో తమ్ముడు వాళ్లు ఎక్కువ దూరం కదల్లేరు. హైదరాబాద్ నుంచి ఫ్రాంక్‌ఫర్ట్‌కి నేరుగా విమానం ఉంది. జర్మనీ అనుకోవడానికి అంతకు మించి కారణం లేదు. వారం రోజులకి ఒక ఇల్లు అద్దెకు తీసుకున్నాం.

చిన్న చిన్న తంటాలు మామూలే. అమ్మ తెచ్చిన కొత్తావకాయ సూట్‌కేసులో కారి నాన్న తెల్లచొక్కాలు రెండు ఎర్రబడ్డాయి. ఆవకాయ ఏ దేశం వెళ్లినా కారుతుంది. పాల పదార్థాలు బయటినుంచి తేకూడదన్నది యూరప్ నిబంధన కాబట్టి నెయ్యి డబ్బా ఫ్రాంక్‌ఫర్ట్‌లోనే ఉండిపోయింది. అమ్మ ఆ నెయ్యి గురించి ఇప్పటికీ మాట్లాడుతుంది. ఇవేవీ నా లెక్కలోకి రావు.

నా లెక్కలోకి వచ్చేది వీసాతో మొదలవుతుంది. మావి అమెరికా పాస్‌పోర్టులు, అక్కావాళ్లవి ఆస్ట్రేలియావి, మాకు వీసా అక్కర్లేదు. షెంగెన్ వీసా, అంటే జర్మనీతో సహా చాలా యూరప్ దేశాలకి చెల్లే ఉమ్మడి వీసా, కావాల్సింది అమ్మానాన్నలకే. బ్యాంకు స్టేట్‌మెంట్లు, తమ్ముడు పంపిన కాగితాలు, 30,000 యూరోలకు తగ్గకుండా ట్రావెల్ ఇన్సూరెన్స్, అన్నీ వరసగా పెట్టుకుని, తెల్లవారుజామున రైలెక్కి హైదరాబాద్ వెళ్లి, వేలిముద్రలిచ్చి, అడిగిన ప్రతి ప్రశ్నకీ జవాబు చెప్పి వచ్చారు. ఇద్దరే. పక్కన మేమెవరం లేం.

వాళ్లు ఫ్రాంక్‌ఫర్ట్‌లో బయటికి రాగానే మేం చేసిన మొదటి పని ఆ పాస్‌పోర్టులు తీసుకుని అక్క నడుముకున్న పౌచ్‌లో పెట్టడం. "ఎక్కడైనా పడిపోతాయి నాన్నా, ఇటివ్వు." ఫోన్‌కి రోమింగ్ వేయిద్దామా అంటే, ఎందుకు, మేమున్నాం కదా. చేతిఖర్చుకి యూరోలు ఇవ్వాలా అంటే, మేమున్నాం కదా. మేం దిగిన ఇల్లు ఏ వీధిలో ఉందో కూడా వాళ్లకి చెప్పలేదు. అడ్రసుతో వాళ్లకేం పని?

శనివారం సాయంత్రం అమ్మ ఫ్రిజ్ తెరిచి చూసి, "పాలు ఒక్క ప్యాకెట్టే ఉన్నాయిరా, పొద్దున పన్నెండు మందికి చాలవు" అంది. తమ్ముడు ఫోన్‌లోంచి తల ఎత్తకుండా "రేపు తెద్దాంలే అమ్మా" అన్నాడు. వాడు ఆ దేశంలో ఆరేళ్లుగా ఉంటున్నాడు. ఆదివారం అక్కడ దుకాణాలు తెరవరని వాడికి తెలియదని ఎలా అనుకోను? తెలుసు. కానీ అమ్మ మాట చెవిన పడితే కదా, తెలిసింది గుర్తుకురావడానికి. పొద్దున్నే డికాషన్ పట్టుకుని అమ్మ నిలబడితే, ఆదివారం విశ్రాంతి ఇక్కడ రాజ్యాంగంలోనే ఉందనీ, 1919 నాటి వైమార్ రాజ్యాంగంలోని 139వ అధికరణాన్ని ఇప్పటి రాజ్యాంగం 140వ అధికరణంతో యథాతథంగా కలుపుకుందనీ వివరించాడు. "సరే నాయనా, పాలెక్కడ?" అంది అమ్మ.

పాలు రైల్వే స్టేషన్‌లో దొరికాయి. స్టేషన్లలో కొట్లు ఆదివారం కూడా తెరిచే ఉంటాయి. అలా పాలకోసం వెళ్లినవాళ్లం, ఎలాగూ స్టేషన్‌కి వచ్చాం కదా అని, టెగర్న్‌జే సరస్సు చూడ్డానికి అందరం బయల్దేరాం. మ్యూనిక్ నుంచి గంటకి కాస్త పైన.

ఇక్కడ రెండు సంగతులు చెప్పాలి. బవేరియా రాష్ట్రంలో లోకల్ రైళ్లకి రోజంతా చెల్లే గ్రూప్ టికెట్ ఉంటుంది, బయెర్న్ టికెట్ అంటారు. అయిదుగురి దాకా ఒకటే టికెట్. చవక, సుఖం. అమ్మా, నాన్నా, తమ్ముడు, మరదలు, నేను ఒక టికెట్ మీద ఉన్నాం. ఆ టికెట్ తమ్ముడి ఫోన్‌లో ఉంది. రెండో సంగతి, ఆ దారిలో రైళ్లు మధ్యలో విడిపోతాయి. మ్యూనిక్‌లో ఒకే బండిగా బయల్దేరి, హోల్జ్‌కిర్షెన్‌లో ఒక ముక్క బైరిష్‌జెల్ వైపు పోతుంది. మిగిలింది షాఫ్ట్‌లాఖ్ దాకా కలిసి వెళ్లి అక్కడ మళ్లీ రెండవుతుంది. ఒకటి టెగర్న్‌జేకి, ఒకటి లెంగ్రీస్‌కి.

హోల్జ్‌కిర్షెన్ సంగతి తమ్ముడికి తెలుసు. బైరిష్‌జెల్ వెళ్లే ముక్కని దాటించి, అందర్నీ జాగ్రత్తగా మిగతా బండిలో ఎక్కించాడు. షాఫ్ట్‌లాఖ్ సంగతి తెలీదు. ఆదివారం కదా, సైకిళ్లతో, కొండలెక్కే కర్రలతో బండి కిక్కిరిసి ఉంది. వెనక భాగంలో రెండు సీట్లు కనిపిస్తే అమ్మానాన్నల్ని కూర్చోబెట్టి, మేం ముందు భాగంలో నిలబడ్డాం. "ఎక్కడ దిగాలిరా?" అని నాన్న అడిగారు. "చివరి స్టేషన్ నాన్నా, బండి అక్కడే ఆగిపోతుంది" అన్నాడు తమ్ముడు.

చివరి స్టేషన్ అవతలి ముక్కకీ ఉంటుంది కదా!

టెగర్న్‌జేలో దిగి వెనక్కి చూస్తే మా వెనక పెట్టెలే లేవు. ప్లాట్‌ఫాం రెండు నిమిషాల్లో ఖాళీ అయిపోయింది. అక్క ఏడుపు మొదలుపెట్టింది, నడుముకున్న పౌచ్‌లో వాళ్ల పాస్‌పోర్టులు తడుముకుంటూ. నేను నాన్న నంబరుకి ఫోన్ చేశాను. రోమింగ్ లేని ఫోన్ ఎలా మోగుతుంది? తమ్ముడి ఫోన్‌కి ఎవరిదో తెలియని నంబరు నుంచి కాల్ వచ్చింది, కట్ చేశాడు. మళ్లీ వచ్చింది, మళ్లీ కట్ చేశాడు. "ఏదో మార్కెటింగ్ వాళ్లు, ఇప్పుడే చేయాలా" అని విసుక్కున్నాడు. మూడోసారి మరదలు లాక్కుని ఎత్తింది. అటునుంచి నాన్న.

"చివరి స్టేషన్‌లోనే ఉన్నామమ్మా. మీరెక్కడ దిగిపోయారు?"

ఆయన దృష్టిలో తప్పిపోయింది మేం.

తర్వాత తెలిసింది, షాఫ్ట్‌లాఖ్ దాటాక టికెట్లు చూసే ఆవిడ వచ్చిందట. నాన్న లేచి నిలబడి "సన్, ఫ్రంట్, టికెట్" అన్నారట. ముందు పెట్టెలే లేవని ఆవిడకి తెలుసు, నాన్నకి తెలీదు. టికెట్ లేకపోతే అక్కడ 60 యూరోల జరిమానా. ఆవిడ వేయలేదు. నాన్న చొక్కా జేబులోంచి చిన్న పుస్తకం తీసి తమ్ముడి నంబరు చూపిస్తే, లెంగ్రీస్‌లో దిగాక తన ఫోన్‌తోనే చేసిచ్చింది. ఫోన్ నంబర్లు చేత్తో రాసుకునే ఆ పుస్తకాన్ని మేం ఎన్నిసార్లు ఎగతాళి చేశామో లెక్కలేదు.

షాఫ్ట్‌లాఖ్ వెళ్లి అక్కడ మారండి, టికెట్ గురించి బెంగ వద్దు అని ఆవిడ అమ్మానాన్నలకి చెప్పింది కూడా. మేమూ అదే చెప్పాం. నాన్న ఒప్పుకోలేదు.

"టికెట్ లేకుండా బండెక్కను."

"ఆవిడ పర్లేదంది కదా నాన్నా!"

"రాసిచ్చిందా? వచ్చే బండిలో ఇంకొకరుంటే? నేనైతే వదిలేవాణ్ణి కాదు."

జేబులో ఒక్క యూరో ఉంటే కదా, టికెట్ కొనుక్కోడానికి. తమ్ముడు టెగర్న్‌జే నుంచి షాఫ్ట్‌లాఖ్, అక్కణ్నుంచి లెంగ్రీస్ వెళ్లి, వాళ్లిద్దర్నీ వెంటబెట్టుకుని అదే దారిన వెనక్కి రావాల్సి వచ్చింది. మధ్యాహ్నం మొత్తం పోయింది. మిగిలినవాళ్లం సరస్సు ఒడ్డున కూర్చున్నాం కానీ ఎవరం సరస్సు చూడలేదు. వాళ్లు వచ్చాక అమ్మ మాత్రం హాయిగా ఉంది. లెంగ్రీస్ స్టేషన్ బెంచీ మీద కూర్చుని పులిహోర తిన్నారట. "అక్కడ కొండలు బావున్నాయిరా" అంది.

మనం మాట్లాడే తీరు ఒకసారి గమనించండి. "అమ్మావాళ్లని తీసుకొచ్చాం. అన్నీ తిప్పాం. నయాగరా చూపించాం. మొన్ననే పంపించేశాం." తీసుకురావడం, తిప్పడం, పంపించడం. సూట్‌కేసుకీ ఇవే మాటలు వాడతాం. ప్రేమ లేక కాదు. ప్రేమ ఎక్కువై, వాళ్ల చేతుల్లోంచి ఒక్కొక్కటే తీసేసుకుంటాం. ముందు పాస్‌పోర్టు, తర్వాత డబ్బు, తర్వాత "ఏం కొనాలి, ఎటు వెళ్లాలి" అనే మాట. చివరికి పాల ప్యాకెట్టు కూడా.

నా మాట ఇది. కుటుంబం కలవాలనుకున్నప్పుడు పెద్దవాళ్ల టికెట్ పెద్దవాళ్ల చేతికివ్వండి. ఫోన్‌లో కాదు, కాగితం మీద. గ్రూప్ టికెట్‌లో మిగిలే పది యూరోలు మిగలకపోతే పోనీ, వాళ్లిద్దరికీ విడిగా ఒకటి కొనండి. జేబులో ఇరవై, ముప్ఫై యూరోలు పెట్టండి, లెక్క అడక్కండి. దిగిన ఇంటి అడ్రసు అక్కడి భాషలో రాసివ్వండి. రోమింగ్ వేయించండి. మరిచిపోతారు, పోగొట్టుకుంటారు అంటారా? మతిమరుపు జబ్బున్నవాళ్ల సంగతి వేరు, అది నేను మాట్లాడేది కాదు. మిగతావాళ్ల విషయంలో మాత్రం, ఆ వారంలో మా ఇంట్లో కళ్లజోడు పోగొట్టుకున్నది నేను, ఇంటి తాళాలు లోపల పెట్టి తలుపు వేసింది బావ.

ఇంకోటి. ఎక్కడ కలవాలో నిర్ణయించేటప్పుడు చూడదగ్గ ప్రదేశాల చిట్టా కన్నా ముందు ఒక సంగతి చూడండి. ఆ ఊళ్లో డెబ్భై ఏళ్ల మనిషి డ్రైవింగ్ లేకుండా ఒక్కడే బయటికి వెళ్లి రాగలడా? షార్లెట్‌లో మా ఇంటికి నాన్న ఆరు నెలలకని వచ్చినప్పుడు, నడిచి వెళ్లి పాలు తెచ్చే దారి లేదు. నేను ఆఫీసు నుంచి వచ్చేదాకా కిటికీలోంచి రోడ్డు చూస్తూ కూర్చునేవారు. నిజం చెప్పాలంటే అది గృహనిర్బంధమే, ఏసీతో. నేను పదేళ్లుగా దాన్ని ఆతిథ్యం అనుకున్నాను. మ్యూనిక్‌లో వీధి చివర ట్రామ్ ఉంది, రెండు సందుల అవతల సూపర్‌మార్కెట్ ఉంది, కాలిబాట మీద నడవొచ్చు.

సోమవారం పొద్దున నాన్న తన దారి తను వెతుక్కున్నారు. జర్మనీలో ప్లాస్టిక్ నీళ్ల సీసా కొంటే 25 సెంట్లు డిపాజిట్, ఖాళీ సీసా మెషీన్‌లో వేస్తే తిరిగి వస్తుంది. మూడు రోజుల్లో మా ఇంట్లో పేరుకున్న సీసాలు పదిహేను. మా చిన్నాడిని వెంటబెట్టుకుని సంచీ పట్టుకుని వెళ్లారు. వాడు చెప్పిన ప్రకారం, మెషీన్ ఒక్కొక్క సీసానీ తిప్పి చూసి లోపలికి లాక్కుంటుంటే తాతయ్య పక్కన నిలబడి పైకి లెక్కపెట్టారట. చీటీ వచ్చాక దానిమీది మొత్తాన్ని తన లెక్కతో సరిచూసుకుని, అప్పుడు కౌంటర్‌లో ఇచ్చారట. 3 యూరోల 75 సెంట్లు. వచ్చి బల్ల మీద నాణేలు వరసగా పేర్చి, విడివిడిగా గుర్తుపట్టి, చొక్కా జేబులో వేసుకున్నారు. అక్క "ఇటివ్వు నాన్నా, పౌచ్‌లో..." అని చెయ్యి చాచి, మళ్లీ వెనక్కి తీసుకుంది.

మంగళవారం ఫూసెన్ వెళ్దామనుకున్నాం, నొయిష్వాన్‌స్టైన్ కోట చూడ్డానికి. రెండో లుడ్విగ్ రాజు 1869లో మొదలుపెట్టించి, పూర్తవకుండానే 1886లో పోయాడు. కొండ మీద ఉంటుంది, లోపల బోలెడు మెట్లు, టికెట్ మీద వేసిన టైముకి ఒక్క నిమిషం దాటినా లోపలికి రానివ్వరు. ఈసారి ముందే అడిగాం. "ఎవరో పూర్తిచేయని ఇల్లు చూడ్డానికి అన్ని మెట్లు నేనెక్కలేను. కింద చెరువుందంటున్నారుగా, పాపని తీసుకుని అక్కడ కూర్చుంటా, మీరెళ్లి రండి" అంది అమ్మ. నాన్న కోట దాకా వస్తానన్నారు. అమ్మకీ పాపకీ తప్ప మిగతావాళ్లకి కోట టికెట్లు తీసుకున్నాం.

వారం మధ్యలో బయెర్న్ టికెట్ తొమ్మిది గంటల తర్వాతే చెల్లుతుంది. ఎనిమిదిన్నరకే స్టేషన్‌లో ఉన్నాం. తమ్ముడు ఫోన్ తీయబోతే నాన్న వద్దని మెషీన్ దగ్గరికి నడిచారు. కాగితం టికెట్ మీద ప్రయాణించేవాళ్ల పేర్లు రాయాలి. బెంచీ మీద కూర్చుని, మోకాలి మీద పుస్తకం పెట్టుకుని, పెద్దక్షరాల్లో ఒక్కొక్క పేరూ రాశారు. టికెట్లన్నీ మడిచి జేబులో పెట్టుకున్నారు. ప్లాట్‌ఫాం మీద యూనిఫాంలో ఉన్న ఒకాయన దగ్గరికి వెళ్లి, రెండు చేతులూ కలిపి విడదీసి చూపిస్తూ, ఇది మధ్యలో విడిపోతుందా అని అడిగి వచ్చారు. విడిపోదట.

తలుపు పక్కన నిలబడి, చంకలో పాపతో సహా అందర్నీ లెక్కపెట్టి ఎక్కించారు. పదకొండు. చివర్న తను ఎక్కారు. తలుపు మూసుకుంటుంటే, పక్కనున్న నాకు మాత్రమే వినపడేంత మెల్లగా అన్నారు.

"రైట్... రైట్."