తిట్టడానికి నోరుంది, చెప్పడానికి లేదా?

కండోమ్ వాడలేదని నిందించడానికి అందరూ ముందుంటారు. ఏది మంచిదో, ఎలా చూసి కొనాలో చెప్పమంటే మాత్రం తలలు పక్కకు తిప్పుకుంటారు. ఈ రెండు నాల్కల ధోరణే నకిలీ సరుకుకు పెట్టుబడి. 2020లో వియత్నాం పోలీసుల సోదాల్లో మూడు లక్షలకు పైగా కండోమ్‌లు పట్టుబడ్డాయి. అన్నీ ఒకసారి వాడేసినవి! శుభ్రం చేసి, కొత్తవాటిలా మళ్లీ ప్యాక్ చేసి అమ్మడానికి సిద్ధం చేశారు. కొనేవాడు ప్యాకెట్ తిప్పి చూడడని, మోసపోయినా నోరు విప్పడని అలాంటి వ్యాపారికి బాగా తెలుసు.

ఇవన్నీ బహిరంగంగా మాట్లాడితే కుర్రకారు చెడిపోతారని కొందరి వాదన. వారి భయం వారిది. కానీ సుఖవ్యాధులు ఎవరి మొహమాటాన్నీ చూసి ఆగవు.

ఒక ప్యాకెట్‌ను చేతిలోకి తీసుకుని చూడండి. ముందువైపంతా పండ్ల వాసనలు, చుక్కలు, గీతల గొప్పలే. ప్రాణానికి పనికొచ్చే ముక్కలు వెనకెక్కడో చీమ తలకాయంత అక్షరాల్లో ఉంటాయి. గడువు తేదీ, బ్యాచ్ నంబరు, ఐఎస్ఓ 4074 గుర్తు అక్కడే వెతుక్కోవాలి. లేటెక్స్ (సహజ రబ్బరు) కండోమ్‌లకు అంతర్జాతీయ ప్రమాణం ఇదే. దీని ప్రకారం ప్రతి బ్యాచ్ నుంచి కొన్ని తీసి చిల్లులున్నాయేమో పరీక్షించాలి, గాలి నింపి పగిలేదాకా ఊదాలి. మామూలు సైజుదైతే కనీసం 18 లీటర్ల గాలికి తట్టుకోవాలి. సరదా కోసం అమ్మే బొమ్మ కండోమ్‌లకు ఈ పరీక్షలేవీ ఉండవు. అవి వ్యాధుల్ని ఆపుతాయని నమ్మితే అంతే సంగతులు. మిల్లీమీటర్లలో వేసే వెడల్పు అంకెను పట్టించుకునేవారూ తక్కువే. అది కండోమ్‌ను చదునుగా పరిచి కొలిచిన కొలత. మరీ బిగుతైతే చిరుగుతుంది, వదులైతే జారుతుంది. మగతనానికీ ఆ అంకెకూ ముడిపెట్టుకుని పెద్ద సైజు కొనేవారికి ఏం చెప్పగలం!

లేటెక్స్ పడనివారికి పాలీయురేథేన్ అనే ప్లాస్టిక్, పాలీఐసోప్రీన్ అనే కృత్రిమ రబ్బరు రకాలున్నాయి. గొర్రె పేగుతో చేసినవి వీర్యాన్ని ఆపుతాయి కానీ హెచ్ఐవీ లాంటి వైరస్‌లను ఆపలేవు. లేటెక్స్‌కు నూనె, పెట్రోలియం జెల్లీ, బాడీ లోషన్ తగిలితే నిమిషాల్లోనే బలం పోతుంది. నీటి లేదా సిలికాన్ ఆధారిత లూబ్రికెంటే వాడాలి. ఇక నానాక్సినాల్-9 సంగతి. వీర్యకణాల్ని చంపే ఈ రసాయనం పూసిన కండోమ్‌ల వల్ల అదనపు ప్రయోజనం లేదని, తరచుగా వాడితే యోని, మలద్వారం లోపలి పొర దెబ్బతిని హెచ్ఐవీ ముప్పు పెరగొచ్చని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2002లోనే తేల్చింది. అయినా కొన్నిచోట్ల ఇప్పటికీ అమ్ముతూనే ఉన్నారు. భద్రత గురించి ఉపన్యాసాలిచ్చే నోళ్లు దీన్ని ఎందుకు అడగవు?

కొన్నాక చూడాల్సింది కూడా ఉంది. రేకును వేళ్లతో మెల్లగా నొక్కితే లోపల గాలి బుడగ మెదలాలి. మెదలకపోతే ఎక్కడో చిల్లు పడినట్టే, పారేయాలి. నెలల తరబడి పర్సులో నలిగినదాన్నీ, ఎండలో నిలిపిన బండిలో మగ్గినదాన్నీ నమ్మకూడదు. డబుల్ సేఫ్టీ అంటూ రెండు తొడిగితే రాపిడికి చిరిగే అవకాశమే ఎక్కువ.

ప్రతిసారీ, సరిగ్గా వాడే జంటల్లో ఏడాదికి నూటికి ఇద్దరు మహిళలు గర్భం దాలుస్తారు. జనం మామూలుగా వాడే తీరులో ఆ సంఖ్య 13. ఈ తేడాలో రబ్బరు తప్పు కన్నా ఒకసారి వాడి ఇంకోసారి మానేయడం, ఆలస్యంగా తొడుక్కోవడం, తప్పుగా వాడటమే ఎక్కువ. అంటే ఎవరూ నేర్పకపోవడం. నేర్పాల్సినవారే నేర్పకుండా, ఫలితం వచ్చాక కుర్రాళ్ల బాధ్యతారాహిత్యమని వేలు చూపించడం ఏం నీతి?

వాసన పేరును అంతంత అక్షరాల్లో అచ్చేస్తున్న కంపెనీలకు గడువు తేదీని, వెడల్పును, ఏ పదార్థంతో చేశారో అదే సైజులో ముందువైపే వేయడానికి అడ్డేమిటి? వేయకపోతే సరుకు వెనక్కి పంపే అధికారం ఉన్నవాళ్లు ఏం చేస్తున్నట్టు? ఆరోగ్య దినోత్సవాల్లో మైకు పట్టుకుని జాగ్రత్తలు చెప్పే పెద్దలు, ముందు ఒక ప్యాకెట్ వెనకవైపు చదివి వేదిక ఎక్కితే మంచిది.